ముందు ముఖాలు, తర్వాతే పూలు

మా కంప్యూటర్ మేడం పోయారు. పొద్దున పొయ్యి మీద పాలు పొంగుతుండగా ఆమె చెల్లెలి కూతురు ఫోన్ చేసి, "అక్కా, పెద్దమ్మ పోయింది" అంది. రాత్రి మామూలుగానే అన్నం తిని పడుకున్నారట, తెల్లారి లేవలేదు. రేపు లక్సెట్టిపేటలో సమాధి కార్యక్రమం, కరీంనగర్‌లో ఒక ఫ్లెక్సీ కొట్టించి తేగలవా అని అడిగింది. ఏడవడానికి తీరిక దొరకలేదు. పాలు దించి, ఫోన్‌లో ఆమె ఫొటో వెతుక్కుని ఆటో ఎక్కాను.

ఫ్లెక్సీ షాపులో డిజైనర్ ఫొటో తెరిచాడో లేదో, నేను కుర్చీ లాక్కునేలోపే మేడం చెంపలు గులాబీ రంగుకు తిరిగిపోయాయి. ఎవరో పరాయి ఆమె నన్ను చూసి నవ్వుతోంది.

"ఇదేం పని తమ్మీ?" అన్నాను.

"అందరికీ గిట్లనే చేస్తం అక్కా. జర తెల్లగ ఉంటెనే మంచిగ కనవడ్తది."

"ఎవరికి మంచిగ?"

"చూసెటోళ్లకు."

"చూసెటోళ్లంత ఆమెను ఎర్కున్నోళ్లే. ఎవర్ని మోసం చేస్తవ్?"

అతను నా వంక, తెర వంక చూసి, ఒక మీట నొక్కి మేడంను వెనక్కి తెచ్చాడు. పాపం మంచివాడే, ఆ అలవాటు వాళ్ల ధంధాలోనే ఉంది. కానీ నేను అక్కడ నిలబడి పేచీ పెట్టుకున్నాను కదా, ఆ పేచీ పెట్టుకోవడం నేర్పింది మేడమే. ఇప్పుడు కాలేజీలో పిల్లలకు గ్రాఫిక్స్ చెప్పి బతుకుతున్నాను. నా పాఠాల్లో పుస్తకానివి పోగా మిగిలినవన్నీ ఆమెవే.

మీలో చాలామందికి ఆమె తెలియదు. పేరు సంపాదించాలన్న యావ ఆమెకు లేదు. కరీంనగర్ బస్టాండుకు దగ్గర్లో, కింద గ్రానైటు పలకలు అమ్మే ఆఫీసు, దాని పైన రెండు గదుల కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్. కింద లారీలోంచి పలకలు దించితే పైన మా బల్లలు అదిరేవి. ఉన్న తెరల్లో ఒక్కటే రంగులది, మిగతావన్నీ నలుపు తెలుపు. ఆ రంగుల తెరకు పాత నూలుచీర ముక్క ఒకటి ప్రత్యేకంగా ఉండేది. రోజూ పొద్దున వచ్చి, "వందనాలు" అని మా అందరికీ చెప్పి, చెప్పులు బయట విప్పి, ముందు ఆ అద్దం తుడిచేవారు. పసిపిల్ల ముక్కు తుడిచినంత ఓపిగ్గా తుడిచేవారు. దుమ్ము మీద రంగు చూసి తీర్పు చెప్పొద్దనేవారు.

మా బాపు చిన్న ఊళ్లో పవర్‌లూమ్ మీద పనిచేసేవాడు. కంప్యూటర్ అంటే టైపు మిషనుకు తమ్ముడని ఆయన లెక్క. నన్ను చేర్పించడానికి వచ్చినరోజు మేడంను నేరుగా అడిగాడు: "ఇది నేర్సుకుంటె ఏమైతది మేడం?" మేడం ఆయన చొక్కాకు అంటిన నూలుపోగు తీసి చేతిలో పెట్టి, "మీరు పోగుల తోటి చేసేదే, మీ బిడ్డ చుక్కల తోటి చేస్తది. పోగు తప్పితె మీకు కనవడ్తది గద? చుక్క తప్పితె దీనికి కనవడాలె. గంతే" అన్నారు. ఇంటికెళ్లాక బాపు అమ్మతో, "ఆమె మన పనోళ్ల లెక్కనే మాట్లాడ్తది" అన్నాడట.

ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, అప్పటి తెర ఒకసారికి రెండువందల యాభైయారు రంగులే చూపేది. ఆ రంగుల్ని పాలెట్ అనేవాళ్లం. మేడం దాన్ని గిన్నెల వరస అనేవారు. ఒక్కో గిన్నెలో ఒక్కో రంగు. బొమ్మలో నిజానికి రంగులుండవు, గిన్నెల నంబర్లే ఉంటాయి. ఈ చుక్క పదో గిన్నె, ఆ చుక్క నలభయ్యో గిన్నె, అలా. కాబట్టి పదో గిన్నెలో రంగు మారిస్తే, తెర మీద పదో నంబరున్న ప్రతి చుక్కా ఒక్కసారిగా మారిపోతుంది. ఆకాశం కోసం నీలం కలిపితే, దాంతోపాటు ఎవరి కనుబొమ్మలో నీలంగా అయిపోయేవి. మేం అరిచేవాళ్లం. మేడం నవ్వేవారు.

గిన్నెలో రంగు కలపడానికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ కొలిచి పోయాలి. ఒక్కోదానికి కొలత సున్నా నుంచి అరవైమూడు దాకానే. మాలో ఒకతనికి ఆశెక్కువ. ఎర్రటి ఎరుపు కావాలని అరవైనాలుగు పోశాడు. తెర నల్లగా అయింది. మళ్లీ పోశాడు, మళ్లీ నలుపే. మిషను ఖరాబైందని వాడు పరేషాన్ అవుతుంటే మేడం వెనక నిలబడి, "కుండ నిండినంక ఇంకో సుక్క పోస్తె ఈ మిషనుకు కుండ మొత్తం ఖాళీ అయితది బిడ్డా. నువ్వు ఆశపడ్డవ్, అది బోర్లించింది" అన్నారు. వాడు ఇప్పుడు పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు. ఆ మాట వాడికి ఉద్యోగంలో కూడా పనికొచ్చిందని నా నమ్మకం.

అసలు చిక్కు ముఖాలతో వచ్చేది. ప్రోగ్రాములతో పాటు తయారుగా వచ్చే రంగుల వరసలో గులాబీ ఛాయలు బోలెడు, ఆకాశాలు బోలెడు. గోధుమరంగులు మాత్రం ఏవో నాలుగు. అవి కూడా బల్లలకూ తలుపులకూ వేయడానికి పెట్టినవే. మా ఫొటో ఏదెక్కించినా సగం ముఖం బూడిదరంగు, సగం ముఖం ఇటుకరంగు. "మన మొకాలకు తలుపుల రంగిచ్చిన్రు" అని మేడం ఒక్కసారి అన్నారు. రెండోసారి అనలేదు. ఆమెది గొణుగుతూ కూర్చునే తీరు కాదు. మర్నాడు మమ్మల్ని బస్టాండుకు పంపారు.

ముఖాలు చూసి రమ్మన్నారు. ఎన్ని రకాల గోధుమరంగులున్నాయో చూసి, ఒక్కోదానికి మన ఇంట్లో ఉన్న వస్తువు పేరు పెట్టి తెమ్మన్నారు. మేం ముగ్గురమ్మాయిలం జగిత్యాల బస్సు దగ్గర నిలబడి కండక్టర్ వంక కళ్లార్పకుండా చూస్తున్నాం. ఆయన కాసేపు ఓర్చుకుని, "ఏంది బిడ్డా, గట్ల చూస్తున్నరు? నా మొకం మీద ఏమన్న అంటిందా?" అన్నాడు.

"లేదన్నా, మీ రంగు రాసుకుంటున్నం."

"నా రంగు ఎందుకు?"

"కంప్యూటర్ల పెడ్తం."

ఆయన టోపీ తీసి, జుట్టు సర్దుకుని, వెలుగున్న వైపు తిరిగి నిలబడ్డాడు. బస్సు కదలాల్సిన టైం దాటి డ్రైవర్ హారన్ కొడుతున్నా కదల్లేదు.

ఆ సాయంత్రం మా దగ్గర పాత బెల్లం ఉంది, చింతగింజ ఉంది, పల్లికాయ పొట్టు, ఎండిన ఇప్పపువ్వు, పాలు తక్కువైన చాయ ఉన్నాయి. బీడీలు చుట్టే ఇంటి నుంచి వచ్చే అమ్మాయి ఎండిన తునికాకు అంది. దానికి మేడం ఆమెను మెచ్చుకున్నారు. ప్రతి పేరుకూ కూర్చుని కొలతలు కట్టాం. ఇంగ్లిష్ పుస్తకంలో ఒక్క మాటగా ఉన్నదానికి మా ఇళ్లలో ఇన్ని మాటలున్నాయని నాకు అప్పుడే తెలిసింది, గర్వంగా అనిపించింది. మా బ్యాచ్‌లో ఎవరైనా మంగళవారం కొండగట్టుకు పోయి నుదుట సింధూరంతో వస్తే, మేడం ప్రసాదం కొబ్బరిముక్క నోట్లో వేసుకుని, "ఆ బొట్టు ఎన్ని పాళ్ల ఎరుపు, ఎన్ని పాళ్ల ఆకుపచ్చ, చెప్పు?" అని పరీక్ష పెట్టేవారు. ఆమెది మిషనరీ చర్చి కుటుంబం. సింధూరం కొలతలు మాత్రం మా అందరికంటే ఆమెకే బాగా తెలుసు.

ఆమె ఎప్పుడూ అనే మాట ఒకటుంది: "బంతిల ముసలోళ్లకు జాగ ఆపినట్టు మొకాలకు జాగ ఆపున్రి." అంటే భోజనాల వరసలో పెద్దవాళ్లకు చోటు ఉంచినట్టే, ఏ బొమ్మ చేసినా గిన్నెల వరసలో ముందు ముఖాలకు కావలసినన్ని తీసిపెట్టాలి. మిగిలినవే చెట్లకూ గోడలకూ. ఈ మాట ఆమెకు పుస్తకంలో దొరికింది కాదు. అది ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మేడంకు ఒక తమ్ముడు ఉండేవాడు. బొగ్గుబాయిలో పని. ఒకరోజు డ్యూటీకి పోయినవాడు ప్రమాదంలో పోయాడు. పెట్టె మూసే ఇంటికి తెచ్చారు. చూడొద్దని పెద్దలు అన్నారు, మేడం కూడా అన్నారు. వాళ్ల అవ్వ, అంటే కన్నతల్లి, కొడుకు ముఖం చూడకుండానే మట్టి వేసింది. ఆ తర్వాత ఆమె కొడుకు ఊసే ఎత్తేది కాదని, ఎవరన్నా ఎత్తితే లేచి లోపలికి పోయేదని మేడం చెప్పేవారు. అది చెప్పేటప్పుడు మాత్రం ఆమె గొంతులో ఎప్పుడూ ఉండే ధీమా ఉండేది కాదు.

కొన్నేళ్లకు లక్సెట్టిపేటలో వాళ్ల చర్చి సంఘం జూబిలీ వేడుక వచ్చింది. సంఘంలో పోయినవాళ్లందరి ఫొటోలు కంప్యూటర్‌లో చూపిద్దామని మేడమే అన్నారు. ఆ ఊళ్లో అప్పటికి కంప్యూటర్ చూసినవాళ్లు తక్కువ, అందరికీ ఉత్సాహం. సంఘపెద్ద ఒకాయన, రిటైరైన డ్రాయింగ్ మాస్టారు, ప్రతి ఫొటో చుట్టూ పెట్టమని గులాబీల చట్రం ఒకటి స్వయంగా గీసి పంపాడు. నిజంగా అందంగా గీశాడు. ఎరుపులో ఎన్ని ఎరుపులో, ఆకుల్లో ఎన్ని పచ్చలో. తమ్ముడిది ఒకే ఒక రంగుల ఫొటో దొరికింది, ఎవరిదో పెళ్లిలో వడ్డిస్తూ ఉండగా తీసింది. దాంట్లోంచి ముఖం వరకు కత్తిరించి పెద్దది చేసి, గులాబీల మధ్య పెట్టాం.

ఏ రంగులకు గిన్నెలివ్వాలన్నది మేడం పుస్తకంలో ఉన్నట్టే చేశారు. బొమ్మలో ఏ రంగు చుక్కలు ఎక్కువుంటే ఆ రంగుకు ముందు గిన్నె. మిషను లెక్కపెట్టుకుంది. గులాబీలు తెర నిండా ఉన్నాయి, ముఖం మధ్యలో ఇంత. గిన్నెలన్నీ పూలకూ ఆకులకూ పోయాయి. ముఖానికి మిగిలినవి లేక, దగ్గరున్న ఆకుపచ్చల్లో మాడిపోయినవి వచ్చి అతుక్కున్నాయి. చెంపలు పసరు రంగు, పెదవులు నీలం. అదే సమయానికి వాళ్ల బంధువొకాయన పని మీద కరీంనగర్ వచ్చి, పైకి వచ్చి చూశాడు. నోరు మెదపకుండా దిగిపోయాడు. లక్సెట్టిపేట పోయాక మాత్రం నోరు మెదిపాడు.

రెండ్రోజులకు మేడం ఊరికి పోయి వచ్చారు. వచ్చి రంగుల తెర ముందు కూర్చున్నారు, అద్దం కూడా తుడవలేదు. "మా అవ్వ జూబిలీకి రానంటుంది" అన్నారు. "పచ్చగ ఉన్నడట గద బిడ్డా, పీనుగు లెక్క. పెట్టె ఎందుకు తియ్యనియ్యలేదో ఇప్పుడు ఎర్కైంది అన్నది."

ఫొటో తీసేద్దామని మాలో ఒకరు మెల్లగా అన్నారు. మేడం తలెత్తి, "తీసేస్తె ఆమె కండ్లల్ల ఆ పచ్చ మొకమే ఉండిపోతది. ఇప్పుడు సక్కగ చూపియ్యాలె. తప్పదు" అన్నారు. ఆ మాటతో ఆమెకు పాత ధీమా వచ్చేసింది, మాకూ వచ్చింది.

"లెక్కల ఓట్లు చూస్తె పూలే గెలుస్తయి" అన్నారు. "మొకం చిన్నది. దానికి ఓట్లు పడయి. దానికి మనమే ఇయ్యాలె." పుస్తకం పక్కన పెట్టేశారు. మా బస్టాండు గోధుమరంగులన్నీ తెచ్చి, ముందు వరసలో కూర్చోబెట్టారు. ఫొటో పాతబడి ఎర్రబారి ఉంది, కాబట్టి దాన్ని నమ్మడానికి లేదు. అందుకని మేడం గాజులు పైకి తోసుకుని, ముంజేతిని తెరకు ఆనించి పెట్టారు. "మా ఇద్దరిది ఒక్క రంగే. నా చెయ్యి చూసి కలుపు" అని నాతో అన్నారు. నేను అంకెలు మారుస్తూ పోయాను. ఎరుపు ఒకటి తగ్గించు, నీలం ఒకటి పెంచు, ఎక్కువైంది, వెనక్కి రా. ఆమె చెయ్యి తీయలేదు. చింతగింజకూ పాత బెల్లానికీ మధ్యలో ఎక్కడో, తెర అంచు ఎక్కడ ఆగి చెయ్యి ఎక్కడ మొదలైందో తెలియని చోటు దొరికింది. అక్కణ్నుంచి నీడలకు కిందికి, వెలుగుకు పైకి, మెట్లుమెట్లుగా ఛాయలు కట్టాం. కళ్ల కింద నీడకే కొన్ని గిన్నెలు పోయాయి. పోనియ్యమన్నారు.

గులాబీలకు మిగిలినవి అరకొర. వెలిసిపోయిన కాగితప్పూలలా తయారయ్యాయి. డ్రాయింగ్ మాస్టారు చూడ్డానికి వచ్చి గుండె పట్టుకున్నాడు. "ఎంత తిప్పలవడి గీసిన బిడ్డా! నా పూలను గిట్ల ఉతికి ఆరేస్తివి?"

"మీ పూలు ఎవ్వరూ చూడలే సార్. గింత ఎరుపా, గంత ఎరుపా, ఎవ్వరికీ తెల్వదు. వాని మొకం మా అవ్వకు ఎర్కే. ఎర్కున్నదాన్ని తప్పు చూపియ్యద్దు."

ఆయన ముక్కు చీది, అద్దాలు తుడుచుకుని, కనీసం ఒక్క మొగ్గనైనా ఎర్రగా ఉంచమని బేరమాడాడు. మేడం ఒక గిన్నె ఇచ్చారు.

ఇంకో చిక్కు మిగిలింది. ఒక ఫొటో నుంచి ఇంకోదానికి మారేటప్పుడు, కొత్త ఫొటో గిన్నెలు ముందే వచ్చి, పాత ఫొటో రెప్పపాటు వేరే రంగుల్లోకి పోయేది. ఎప్పుడో పోయిన పాస్టర్‌గారి ఫొటో ఊదారంగులోకి మారి మాయమయ్యేది. వేరే ఎవరికైనా నవ్వులాట, అవ్వకు ఆ రెప్పపాటు చాలు. "దీపం తగ్గియ్యి, పటం మార్చు, మల్ల దీపం పెంచు" అన్నారు మేడం. గిన్నెలన్నిట్లో రంగు మెల్లగా తగ్గించి నలుపు చేసి, ఆ చీకట్లో బొమ్మ మార్చి, మళ్లీ మెల్లగా నింపాలి. ఆ ముక్క నేనే రాశాను. నేను రాసిన ప్రోగ్రాముల్లో నాకు ఇప్పటికీ ఇష్టమైనది అదే.

తర్వాత లక్షల రంగులు పలికే తెరలొచ్చాయి. గిన్నెల గోల పోయింది, ఇన్‌స్టిట్యూట్ కూడా పోయింది. మేడం బడి పిల్లలకు కంప్యూటర్ చెబుతూ చాలా ఏళ్లు ఉన్నారు. పాత రోజుల కోసం బెంగపడితే ఒప్పుకునేవారు కాదు. "రంగులు ఎక్కువైతె మంచిదే. ముందు ఎవ్వరికి పెట్టాల్నో మర్చిపోతరు, గదొక్కటే ఫికర్" అని ఒకసారి ఫోన్‌లో అన్నారు. వాళ్ల అవ్వ అప్పటికే పోయింది.

ఆ జూబిలీ రోజు సంగతి ఇంకా చెప్పనే లేదు. కంప్యూటర్‌ను ఆర్టీసీ బస్సులో తీసుకుపోయాం. తెరను దుప్పట్లో చుట్టి మేడం ఒళ్లో పెట్టుకున్నారు. పక్క సీట్లో కూర్చున్న పెద్దాయన పసిపిల్లకు గాలాడుతుందా అని అడిగాడు. అవ్వ రానన్నమాట మీదే ఉంది. మేడం ఇంటికి పోయి, బతిమాలకుండా, "నువ్వు నా పక్కకు కూసో. నీకు నచ్చకుంటె చెప్పు, నేనే స్విచ్ బంద్ చేస్త" అన్నారట. పొద్దుగూకే వేళకు అవ్వ కొంగు తల మీదికి లాక్కుని వచ్చి, చాప మీద అందరికంటే ముందు కూర్చుంది. తెర వైపు కాకుండా నేల వైపు చూస్తోంది.

ఫొటోలు ఒక్కొక్కటే వచ్చాయి. జనం పేర్లు చెప్పుకుంటున్నారు, పిల్లలు ముందుకు తోసుకొస్తున్నారు. తమ్ముడి వంతు వచ్చేసరికి ఎవరో ఆ పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు. తెర నల్లబడింది. తర్వాత మెల్లగా, ముందు నుదురు, తర్వాత చెంపలు, తర్వాత కళ్లు. వడ్డిస్తూ ఎవరో పిలిస్తే తిరిగి చూసినట్టున్న ముఖం. పచ్చ లేదు, నీలం లేదు. చుట్టూ వెలిసిన పూలు, వాటిలో ఒక్క మొగ్గ ఎర్రగా.

అవ్వ తలెత్తింది. చాలాసేపు చూసింది. మేడం వేలు స్విచ్ మీదే ఉంది. నేను అవ్వను చూడలేక ఆ వేలినే చూస్తున్నాను.

"కండ్ల కింద నలుపు జూడు" అంది అవ్వ, పక్కనున్నవాళ్లతో మామూలుగా చెప్పినట్టు. "రాత్రి డ్యూటీ జేసి గట్లనే పెండ్లికి వచ్చిండు. జర పండుకోరా అంటె ఇనలే."

చేతులు నేల మీద ఆనించి, మోకాళ్ల మీద ఇంకాస్త ముందుకు జరిగింది.

"బిడ్డా, ఇప్పుడే మార్చకు" అంది.

మేడం స్విచ్ మీంచి వేలు తీసి, వెళ్లి అవ్వ పక్కన చాప మీద కూర్చున్నారు. ఇంకా చూపించాల్సిన ఫొటోలు ఉన్నాయి, ఎవరూ అడగలేదు. బయట చీకటి పడింది, లైటు వేయడానికి కూడా ఎవరూ లేవలేదు. తెర మీది వెలుగు తల్లీకూతుళ్ల ముఖాల మీద పడుతోంది. ముగ్గురిదీ ఒక్క రంగే.